మ్యాచ్ రాత్రి మయోనైజ్‌కు బదులేంటి? ఆ గిన్నె ఎంతసేపు బయట ఉండొచ్చు?

ఐపీఎల్ మ్యాచ్ రాత్రి 7.30కి మొదలైతే, పూర్తయ్యేసరికి 11 దాటడం మామూలే. అంతసేపూ టీపాయ్ మీద చిప్స్, పక్కనే ఓ గిన్నెలో మయోనైజ్. సిక్స్ కొట్టినా, వికెట్ పడినా చెయ్యి ఆ గిన్నెలోకే వెళుతుంది. అందులో నూనె ఎంతన్నది చాలామంది అడుగుతారు. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. అది ఎంతసేపటి నుంచి బయట ఉంది?

నిషేధం ఎందుకు?

పచ్చిగుడ్లతో చేసే మయోనైజ్ తయారీ, నిల్వ, అమ్మకాలను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది. కేరళ 2023లో, తమిళనాడు 2025లో ఇలాంటి నిర్ణయమే తీసుకున్నాయి. గుడ్డు, నూనె, కాస్త పులుపు కలిపి చిలికితే మయోనైజ్ తయారవుతుంది. పొయ్యి మీద పెట్టే పనే ఉండదు కాబట్టి, గుడ్డులో సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉంటే అది నేరుగా గిన్నెలోకి వచ్చేస్తుంది. పాశ్చరైజ్ చేసిన గుడ్డు వాడితే ఈ ముప్పు తగ్గుతుంది కానీ, నూనె మాత్రం తగ్గదు. సంప్రదాయ పద్ధతిలో చేసిన మయోనైజ్ బరువులో మూడింట రెండు వంతులకు పైగా నూనే.

ఇంట్లోనే చేసుకునేవి మూడు

మొదటిది పెరుగుతో. అర లీటరు గట్టి పెరుగును పలుచని బట్టలో మూటగట్టి, జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి ఫ్రిజ్‌లో నాలుగైదు గంటలు వదిలేయాలి. నీరు దిగిపోయి చిక్కటి ముద్ద మిగులుతుంది. కొత్తిమీర, పుదీనా, పచ్చిమిర్చి నూరి కలిపి, వేయించిన జీలకర్ర పొడి చల్లితే చాలు. ఉప్పుకు బదులు అర చెంచా ఆవకాయ గుజ్జు కలిపినా బాగుంటుంది.

రెండోది పశ్చిమాసియా వంటకమైన హమ్మస్. కప్పు కాబూలీ శనగలు రాత్రంతా నానబెట్టి, వేలితో నొక్కితే మెదిగేదాకా ఉడికించాలి. రెండు చెంచాల నువ్వులు దోరగా వేయించి ముందుగా మెత్తగా నూరి, శనగలు, రెండు వెల్లుల్లి రెబ్బలు, నిమ్మరసం, ఉడికించిన నీళ్లు కొద్దిగా చేర్చి రుబ్బాలి. శనగల్లోని ప్రొటీన్, పీచు వల్ల కొద్దిగా తిన్నా కడుపు నిండుతుంది.

మూడోది కాల్చిన వంకాయ. తొక్క తీసి మెదిపి, నువ్వుల ముద్ద, నిమ్మరసం, వెల్లుల్లి కలిపితే అరబ్బుల బాబా గనూష్. చింతపండు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ కలిపితే మన వంకాయ పచ్చడి.

ముంచుకు తినడానికి క్యారెట్, కీరా, ముల్లంగి ముక్కలు, పెనం మీద కరకరలాడేలా కాల్చిన జొన్నరొట్టె ముక్కలు సరిపోతాయి. రోజుకు ఉప్పు 5 గ్రాములు, అంటే సుమారు ఒక టీస్పూను మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సూచిస్తున్నాయి. చిప్స్‌లో ఎలాగూ ఉప్పు ఉంటుంది. వాటితో తినేటట్లయితే గిన్నెలో తగ్గించాలి.

ఒక్కో ఇన్నింగ్స్‌కు ఒక్కో గిన్నె

ఇంట్లో చేసినంత మాత్రాన పాడవకుండా ఉండవు. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. అందుకే ఇలాంటి తడి పదార్థాలను బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. గదిలో వేడి 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. మ్యాచ్ మాత్రం మూడున్నర గంటలు సాగుతుంది.

పరిష్కారం తేలికే. చేసినదాన్ని రెండు చిన్న గిన్నెల్లో సర్ది, ఒకటే బయటపెట్టాలి. ఇన్నింగ్స్ విరామంలో దాన్ని తీసేసి రెండోది తేవాలి. ఏసీ లేని గదిలో, వేసవిలో అయితే ఇంకా చిన్న గిన్నెలు పెట్టి గంటకోసారి మార్చాలి. కొరికిన ముక్కను మళ్లీ ముంచకుండా, ఎవరి పళ్లెంలో వారు చెంచాతో వడ్డించుకోవడం మేలు.

మ్యాచ్ అయ్యాక, గడువు దాటిన గిన్నెలో మిగిలింది పారేయాల్సిందే. ఫ్రిజ్‌లోంచి బయటకు తీయనిది ఉంటే మర్నాడు దోసెల్లోకి పనికొస్తుంది.