వండిన వాళ్లూ వేడిగా తినే వంట

ఆదివారం పొద్దున్నే దోసెలంటే ఇంటిల్లిపాదికీ పండగే, పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి తప్ప. ఒక్కొక్కటీ పెనం మీంచి తీసి కంచాల్లో వేస్తూ, ‘ఇంకోటి వెయ్యనా’ అని అడుగుతూ, ఆఖరికి తన వంతు వచ్చేసరికి మిగతావాళ్లు చేతులు కడిగేసుకుని ఉంటారు. గిన్నె అడుగు పిండితో ఒక దోసె వేసుకుని, మిగిలిన పచ్చడి నంజుకుని, గట్టు దగ్గరే నిలబడి తినేస్తుంది. పెసరట్టయినా పూరీ అయినా చపాతీ అయినా ఇంతే.

మనసుకు హాయినిచ్చే తిండి అనగానే మనకు ముద్దపప్పు, ఆవకాయ, కాచిన నెయ్యి గుర్తొస్తాయి. వానపడే రాత్రి మిరియాల చారు, జ్వరం తగ్గాక తొలి పథ్యం గుర్తొస్తాయి. అన్నీ తినేవాళ్ల జ్ఞాపకాలే. వండేవాళ్లకు ఆ పూట ఎలా గడిచిందన్నది వాటిలో ఉండదు. ఆ మాట కూడా లెక్కలోకి తీసుకుంటే మన వంటింట్లో ఒక కోవ వంటలకు ఎంత పెద్దపీట వేయాలో తెలుస్తుంది. మందపాటి గిన్నె, సన్నటి సెగ, పైన మూత. ఒకసారి పొయ్యెక్కించి వచ్చి కూర్చోవచ్చు. దించాక ముక్కలు కోసుకుని అందరూ ఒకేసారి తినొచ్చు. కోస్తా ఇళ్ల దిబ్బరొట్టె, తెలంగాణ సర్వపిండి, వాటి తర్వాత వచ్చిన కుక్కర్ కేకు ఈ కోవలోవే. ఓవెన్ కొనకముందు నుంచీ మన ఇళ్లలో ‘బేకింగ్’ ఉంది.

దిబ్బరొట్టెకు కావలసినవి చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: మినప్పప్పు, బియ్యపు రవ్వ, జీలకర్ర, ఉప్పు, నూనె. గ్లాసు పప్పుకు రెండు గ్లాసుల రవ్వ. పప్పును నాలుగైదు గంటలు నానబెట్టి మెత్తగా రుబ్బాలి. రవ్వను కడిగి, నీళ్లు గట్టిగా పిండేసి అందులో కలపాలి. పిండి ఇడ్లీ పిండి కన్నా ఒక పాలు గట్టిగా ఉండాలి. కలిపిన వెంటనే వేసేవాళ్లున్నారు, రాత్రంతా పులియబెట్టేవాళ్లున్నారు. నా ఓటు పులిసిన పిండికే. ల్యూకోనోస్టాక్ జాతి బ్యాక్టీరియా పప్పుతోనే వస్తుంది, రాత్రంతా పనిచేసి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. మినప్పిండి జిగురు ఆ బుడగల్ని పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. అందుకే ఈస్టు లేకుండా, చిటికెడు సోడా కూడా లేకుండా, అంగుళన్నర మందాన వేసిన రొట్టె లోపల గుల్లగా వస్తుంది. ఇందులో సోడా వేయమని చెప్పేవాళ్ల మాట వినకండి. ఆ వాసన జీలకర్రను మింగేస్తుంది.

మూకుడు ఇనపదే ఉండాలి. నాన్‌స్టిక్‌లో రొట్టె ఉడుకుతుంది కానీ ఆ పెచ్చు కట్టదు. నూనె దగ్గర పిసినారితనం పనికిరాదు, నాలుగు పెద్ద చెంచాలైనా పడాలి. నూనె కాగాక పిండి పోసి, మూతపెట్టి, మంట బాగా తగ్గించాలి. ఇక ఇరవై నిమిషాలు మీవి. పేపరు చదువుకోండి, పిల్లలతో కబుర్లు చెప్పండి, ఊరికే కూర్చోండి. పైభాగం తడి ఆరాక తిరగేసి, మూత లేకుండా ఇంకో పది నిమిషాలు కాల్చాలి.

పూర్వం తిరగెయ్యాల్సిన పని కూడా ఉండేది కాదు. కుంపటి మీద మూకుడు పెట్టి, పైన ఇత్తడి పళ్లెం మూసి, ఆ పళ్లెంలోనూ నాలుగు నిప్పులు పోసేవారు. కింద సెగ, పైన సెగ, మధ్యలో రొట్టె. ఓవెన్ చేసే పని కూడా అదే కదా!

మంట ఎందుకు తగ్గించాలో చాలామంది చెప్పరు. పిండిలోంచి వేడి మెల్లగా పాకుతుంది. లోపల నీరున్నంతసేపూ అక్కడి వేడి సుమారు 100 డిగ్రీలు దాటదు. అంచుల్లో మాత్రం తేమ పోయి, వేడి 140 డిగ్రీలు దాటాక పిండిలోని చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి ఎర్రబడటం వేగం అందుకుంటుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీ మయ్యార్ 1912లో వివరించిన చర్య ఇదే. రొట్టె పెచ్చుకూ, వేగిన కాఫీగింజకూ వాసన దీనివల్లే. తొందరపడి మంట పెంచితే అడుగు మాడుతుంది, నడుమ పచ్చిగా ఉండిపోతుంది.

నంచుకోవడానికి చెరకు పానకం ఉంటే ఇంకేమీ అడగక్కర్లేదు. గోదావరి జిల్లాల్లో దిబ్బరొట్టెకు అదే జోడీ. అది దొరకనిచోట అల్లం పచ్చడి, కొత్త ఆవకాయ, వెన్న ఏదైనా సరే. రొట్టెను నడిమి నుంచి అంచు దాకా కోణం ముక్కలుగా కోయండి. ప్రతి ముక్కకూ కాస్త పెచ్చు వస్తుంది, పిల్లల తగాదా తీరుతుంది.

సర్వపిండిది వేరే రుచి, వేరే నేల. గిన్నప్ప అనీ తపాలచెక్క అనీ ఊరికో పేరుంది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, ఉల్లికాడలు, కరివేపాకు, కొత్తిమీర వేసి, గోరువెచ్చని నీళ్లతో ముద్ద చేస్తారు. గుండ్రటి అడుగున్న గంజు లోపల నూనె రాసి, ఆ ముద్దను అడుగు నుంచి పక్కగోడల దాకా పల్చగా అద్దుతారు. వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నసెగ మీద వదిలేస్తారు. తిరగెయ్యడం లేదు. కిందివైపు కరకరలాడుతుంది, పైవైపు ఆవిరికి మెత్తబడుతుంది.

ఇక్కడ నా వాదనకు ఒక చిక్కుంది. ఒక గంజులో ఒకసారికి ఒక్కటే అవుతుంది. పైగా రెండోది అద్దాలంటే కాలిన గంజు చల్లారాలి, వేడి గిన్నెకు చెయ్యి ఆనదు. అందుకే అనుభవమున్న ఇల్లాలు రెండు గంజులు పెట్టుకుంటుంది. ఒకటి పొయ్యి మీదుంటే రెండోదాన్ని నీళ్లతో చల్లార్చి తుడిచి సిద్ధం చేస్తుంది. కానీ సర్వపిండి చల్లారినా రుచి చెడదు. సాయంత్రం చాయ్‌తోనూ తినొచ్చు, ప్రయాణానికీ మూటకట్టుకోవచ్చు. కాబట్టి వడ్డించే తొందర ఎవరికీ ఉండదు.

కుక్కర్ కేకు గురించి కొంచెమే చెబుతాను. ఓవెన్ లేని ఇంట్లో కుక్కర్ అడుగున ఇసుకో ఉప్పో పోసి, రబ్బరు, విజిల్ తీసేసి, స్టాండు మీద కేకు గిన్నె పెట్టేవారు. నీళ్లు పోయని కుక్కర్‌లో రబ్బరు ఉంచితే కాలిపోతుంది, మరిచిపోకండి. గుడ్డు తినని ఇళ్లలో పెరుగూ వంటసోడా కలిపేవారు. పెరుగులోని పులుపు తగలగానే సోడా పొంగుతుంది, కేకు గుల్లబడుతుంది. కొత్త కుక్కర్‌ను ఈ పనికి పెట్టకండి, అడుగు పాడవుతుంది.

అమెరికాలో చలికాలం గడిపే తెలుగువాళ్లది ఇంకో తీరు. ఆ చలికి పిండి పులవదు. ఓవెన్ వెలిగించకుండా, లోపలి లైటు మాత్రం వేసి, రాత్రంతా పిండిగిన్నె అందులో ఉంచుతారు. ఆ చిన్న వెచ్చదనం చాలు. పొద్దున్నే అదే ఓవెన్‌లో ఇనప పెనం పెట్టి రొట్టె కాల్చేవాళ్లూ ఉన్నారు. కుంపటి కాలంలోలాగే పైనా కిందా సెగ తగులుతుంది.

ఇన్నాళ్లూ ఈ వంటలు తల్లి నుంచి కూతురికీ, అత్త నుంచి కోడలికీ వచ్చాయి. మాలతీ చందూర్ ‘వంటలు-పిండివంటలు’ లాంటి పుస్తకాలు కూడా ఎక్కువగా ఆడవాళ్ల చేతుల్లోనే నలిగాయి. దిబ్బరొట్టెకు మాత్రం చేతివాటం అక్కర్లేదు. దోసెలా తిప్పే నేర్పు వద్దు, చపాతీలా గుండ్రంగా ఒత్తనక్కర్లేదు. గరిటె పట్టని మగవాడు మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి వంట నాకు తోచదు. హైదరాబాద్‌లో ఒంటరిగా గదిలో ఉండే కుర్రాడైనా, అమ్మాయైనా అరగ్లాసు పప్పుతో, గ్లాసు రవ్వతో ఒక పూట గడుపుకోవచ్చు.

ఈసారి పప్పు శనివారం మధ్యాహ్నమే నానెయ్యండి. రాత్రికి రుబ్బి కలిపి మూతపెట్టండి. ఎండాకాలమైతే ఆరేడు గంటలు చాలు, అంతకు మించితే పులుపెక్కుతుంది. రొట్టె దించాక ఐదు నిమిషాలు ఆగి కోయండి, వేడిమీద కోస్తే లోపల జిగటగా ఉంటుంది. ఈలోగా కంచాలన్నీ పెట్టండి, వండిన మనిషి కంచంతో సహా.