క్రిప్టో ధరలలో శృంఖలా చర్య

పిల్లలు ఇటుకలను వరుసగా నిలబెట్టి, మొదటి దానిని వ్రేలితో త్రోయుదురు. అది రెండవ దానిపై, రెండవది మూడవ దానిపై పడి, తుదకు చివరి ఇటుకయు కూలును. చివరి దానిని కూల్చినది వ్రేలు కాదు, ప్రక్కనున్న ఇటుకయే. బిట్‌కాయిన్ మొదలైన క్రిప్టో నాణెముల ధరలు ఒక్కొక్కప్పుడు నిమిషములలో పడిపోవుటయు ఇట్టిదే.

ఒక వర్తకుని వద్ద 100 రూపాయలున్నవనుకొనుడు. బేరములు నడుపు సంస్థయైన ఎక్స్ఛేంజి దానిని పూచీగా నుంచుకొని, 1000 రూపాయల బేరము చేయనిచ్చును. ఇది పదిరెట్ల లెవరేజి. ధర నూటికి 10 పెరిగినచో అతని సొమ్ము రెట్టింపగును. నూటికి 10 తగ్గినచో అంతయు పోవును. 50 రెట్ల లెవరేజిలో నూటికి 2 తగ్గిన చాలును. నష్టము ఆ హద్దును చేరుటకు కొంచెము ముందుగనే ఎక్స్ఛేంజి కంప్యూటరు, వర్తకుని అడుగకయే, ఆ బేరమును మూసివేయును. అనగా నాణెములను వచ్చిన ధరకు అమ్మివేయును. దీనినే లిక్విడేషన్ అందురు.

ఇక పెద్ద వర్తకుని సంగతి. ఇట్టివానిని బజారులో 'తిమింగిలము' అని పిలుతురు. కొనువారు 100 రూపాయలకు 10 నాణెములు, 99కి 10, 98కి 10, ఇట్లు మెట్లు మెట్లుగా వేచియున్నారనుకొందము. చిల్లర వర్తకుడు ఒక నాణెమును అమ్మినచో మొదటి మెట్టైనను ఖాళీ కాదు. తిమింగిలము ఒక్కమారుగా 30 అమ్మినచో మూడు మెట్లును ఖాళీయై, తరువాతి బేరము 97కు దిగును. 97 హద్దుగా గల లెవరేజి బేరములన్నియు అప్పుడు బలవంతముగా అమ్ముడగును. ఆ అమ్మకములు మరి రెండు మెట్లను ఖాళీ చేయగా, 95 హద్దుగా గలవారి వంతు వచ్చును. యురేనియములో ఒక విచ్ఛిత్తి నుండి వెలువడిన న్యూట్రానులు మరికొన్ని విచ్ఛిత్తులను కలిగించునట్లే, ఒక అమ్మకము మరికొన్ని అమ్మకములను పుట్టించును. తిమింగిలము దించినది మూడు రూపాయలే. మిగిలిన పతనమును లెవరేజి బేరములే తెచ్చుకొన్నవి. ధర తగ్గునని ముందుగనే పందెము కట్టియున్న తిమింగిలము ఇందులో లాభపడును.

అయితే ప్రతి పతనమును కుట్ర కాదు. మొదటి ఇటుకను వార్తయైనను త్రోయవచ్చును. 2025 అక్టోబరు 10న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ చైనా సరుకులపై నూటికి 100 వంతున అదనపు సుంకమును ప్రకటించెను. ఒక్క దినములో 1,900 కోట్ల డాలర్లకు పైబడిన లెవరేజి బేరములు మూతపడినవి.

స్వంత సొమ్ముతో నాణెము కొన్నవాడు ధర మరల పెరుగువరకు వేచియుండగలడు. లెవరేజి వర్తకునకు ఆ వీలు లేదు. ధర తిరిగి రావచ్చును గాని, మూతపడిన బేరము తిరిగి రాదు. 20 రెట్ల లెవరేజిలో ధర నూటికి ఎంత తగ్గిన సొమ్మంతయు పోవునో విద్యార్థులు స్వయముగా లెక్కించి చూతురు గాక.