తూకం నుండి కొలతకు: చిన్నరైతుల జామాయిల్ కలప – నిర్మాణ ఉత్పత్తుల అవకాశాలు

వ్యాససంగ్రహం: త్వరగా పెరిగే జామాయిల్‌ను చిన్నరైతు కాగితపు గుజ్జు కోసం తూకం లెక్కన అమ్ముతున్నాడు. అదే కలప నిర్మాణ సామగ్రిగా మారాలంటే ఏ దశలు దాటాలో, అందువల్ల రైతుకు ఏమి మారుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: జామాయిల్, కలప, ప్లైవుడ్, చిన్నరైతు, కాటారం.

1. ప్రవేశిక

తెలుగువారి గృహనిర్మాణంలో కలపకు అది చేసే పనిని బట్టి పేరు ఏర్పడింది. దూలం, వాసం, దర్వాజ మొదలైనవి ఇంటిలో కట్టెకు లభించిన స్థానాలు. పొలంలో పెరిగిన జామాయిల్‌కు అటువంటి స్థానం సాధారణంగా దక్కలేదు. అది 'కర్ర'గానే టన్నుల లెక్కన మిల్లుకు చేరుతుంది. జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని కాటారం వంటి అటవీప్రాంత మండలాలకు ఈ తేడా ముఖ్యమైనది. చుట్టుపక్కల అడవిలో టేకు ఉన్నా అది రైతుది కాదు. తన పొలంలోని చెట్టే అతనిది.

2. నేపథ్యం

కలప ఆధారిత పరిశ్రమలు తమ ముడిసరుకును రైతుల ద్వారా పెంచుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం సూచించింది. సారపాకలోని భద్రాచలం కాగితపు మిల్లు 1989లో క్లోనల్ జామాయిల్ పరిశోధన ప్రారంభించింది. తరువాత 'భద్రాచలం క్లోన్లు' రైతుల పొలాలకు చేరాయి. గోదావరి తీరాన కమలాపురంలోని రేయాన్ గుజ్జు మిల్లు 2014లో మూతపడింది. కొనుగోలుదారులు కొద్దిమందే ఉన్నచోట ఒక్క మిల్లు ఆగినా రైతుకు బేరమాడే శక్తి తగ్గుతుంది.

3. కలప స్వభావం

జామాయిల్ కాండంలో పెరుగుదల వల్ల లోపలి ఒత్తిడి ఏర్పడుతుంది. నరకగానే అది విడుదలై దుంగ చివరలు పగులుతాయి. గుజ్జుకు ఇది అడ్డంకి కాదు. పలక కోతకు పెద్ద నష్టం. లేత చెట్టులో చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ. అందువల్ల చెద, పురుగు త్వరగా పడతాయి. అయితే రక్షక రసాయనాలు తెల్లచెక్కలోకే సులభంగా ఇంకుతాయి. అంటే లోపంగా కనిపించేదే శుద్ధికి అనుకూలత.

4. ఉత్పత్తి మార్గాలు

దుంగను తిప్పుతూ పలుచని పొరగా ఒలిచి, ఆరబెట్టి, ఒకదానిపై ఒకటి అడ్డంగా నిలువుగా పేర్చి, జిగురుతో వేడి ఒత్తిడికి గురిచేస్తే ప్లైవుడ్ తయారవుతుంది. పొరల దిశ మారడంవల్ల పలక ఉబ్బడం, వంగడం తగ్గుతుంది. సన్నని దుంగలను కూడా ఒలిచే యంత్రాలు ఇప్పుడు వాడుకలో ఉన్నాయి. కాంక్రీటు పోతకు వాడే సెంట్రింగ్ పలకలు ఇందులో ఒక ముఖ్య రకం. నిటారు కర్రలు పరంజాకు పనికివస్తాయి. చిన్న ముక్కలు నారపలకలకు చాలు. హర్యానాలోని యమునానగర్‌లో రైతులు పెంచిన పోప్లార్, నీలగిరి కలపపై ప్లైవుడ్ పరిశ్రమే నిలిచింది.

5. విపణి, విధానం

తూకపు విపణిలో కర్ర ఎండితే బరువు తగ్గుతుంది, అది రైతుకు నష్టం. అందుకే నరికిన వెంటనే అమ్మకం. నిర్మాణ కలపకు ఎండటమే విలువ. ఈ రెండింటి మధ్య నిలిచేది ఆరబెట్టే చోటు, శుద్ధి కేంద్రం, సహకార పెట్టుబడి. ఒక్క రైతు వీటిని సమకూర్చుకోలేడు. కేంద్ర ప్రజాపనుల శాఖ 1993లో తన నిర్మాణాలలో కలప వాడకంపై విధించిన నిషేధం 2020లో తొలగింది. ప్రభుత్వ భవనాల గిరాకీ తిరిగి తెరుచుకొనే అవకాశం ఇప్పుడుంది.

6. ముగింపు

• తోట మొత్తాన్ని ఒకేసారి నరకక, కొన్ని వరుసలను గుజ్జుకు తీసి, నిటారు చెట్లను మరికొన్నేళ్ళు నిలిపితే తొలి ఆదాయమూ, తరువాతి మందపు కలపా దక్కుతాయి.

• ఆరబెట్టడం, శుద్ధి గ్రామాలకు దగ్గరగా, రైతు సంఘాల ఆధ్వర్యంలో జరగాలి. లేకపోతే పెరిగే విలువ మిల్లు వద్దే నిలుస్తుంది.

• భారతీయ ప్రమాణాలకు తగిన నాణ్యతా పరీక్ష లేకుండా నిర్మాణ విపణి నమ్మదు.

జామాయిల్ 'కర్ర' నుండి 'దూలం' కావడం కేవలం పేరు మార్పు కాదు. ధర నిర్ణయంలో రైతు స్థానం మారడమే దాని అర్థం.