రాజధాని వెళ్లిపోయింది... ఊరు ఉండిపోయింది

బదిలీ అయితే మగవాళ్లకి ఆఫీసు మారుతుంది. ఆడవాళ్లకి మాత్రం పాలవాడి దగ్గర్నుంచి పక్కింటి పలకరింపు దాకా అన్నీ మారిపోతాయి. సామాన్లు లారీ ఎక్కించినంత తేలిగ్గా స్నేహాలు ఎక్కించలేం కదా!

మావారికి ఏలూరు వైపు బదిలీ అయింది. అద్దె ఇల్లు పెదవేగిలో కుదిరింది. ఏలూరుకి ఉత్తరంగా పది పన్నెండు కిలోమీటర్లు ఉంటుంది. ఆ మాట వినగానే పదో తరగతి చదివే మా అమ్మాయి మొహం ముడుచుకుంది. "అక్కడేముందమ్మా, పామాయిల్ తోటలు తప్ప?" అంది.

తోటలున్న మాట నిజమే. 1995లో ఆయిల్ పామ్ పరిశోధన కేంద్రం ఇక్కడే పెట్టారు. గెల కోశాక ఇరవైనాలుగు గంటల్లోపు ఫ్యాక్టరీకి చేర్చాలట, లేకపోతే నూనె నాణ్యత తగ్గిపోతుంది. అందుకే గెలల ట్రాక్టర్లు ఎప్పుడు చూసినా హడావుడిగానే పోతుంటాయి.

కానీ ఈ ఊరి పాతపేరు వేంగి. బి.ఏ. చరిత్ర పాఠాల్లో మనమంతా బట్టీ పట్టిన వేంగే! నాలుగు, అయిదు శతాబ్దాల్లో శాలంకాయనులకి ఇది రాజధాని. వాళ్ల ఇలవేల్పు చిత్రరథస్వామి, అంటే సూర్యుడని పండితులు చెబుతారు. సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభ శాసనంలో వేంగి హస్తివర్మ పేరుంది. తరవాత 624 ప్రాంతంలో పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడితో తూర్పు చాళుక్యుల పాలన మొదలైంది. ఆయన రాణి అయ్యణ మహాదేవి బెజవాడలోని జైన వసతికి ముసినికొండ గ్రామాన్ని దానం చేసింది. ఆ కాలపు శాసనాల్లో ఆడపేరు కనబడడం అరుదు కాబట్టి ఆవిడ నాకు బాగా గుర్తుండిపోయింది. ఇప్పటికీ పెళ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు కొందరు "వేగినాటివాళ్లం" అని చెప్పుకోవడం మీరూ వినే ఉంటారు. ఆ మాట పుట్టింది ఈ నేల పేరునుంచే.

ఇదంతా పుస్తకాల్లో ఉన్నదే. ఊళ్లో ఏముందో చూడాలంటే మాత్రం కాళ్లకి పని చెప్పాల్సిందే. మధ్యాహ్నం వంటింటి పని అయ్యాక రోజుకో వీధి చొప్పున తిరగడం మొదలుపెట్టాను. ఒంటరిగా తిరిగే కొత్త మనిషిని చూస్తే ఎవరికైనా అనుమానమే. అందుకని మా వీధి చివరింటి మామ్మగారిని తోడు తీసుకున్నాను. ఎనభై దాటినా ఆవిడ నడక నాకంటే చురుకు.

"కోట కావాలా అమ్మాయ్? కోట లేదు. దిబ్బలున్నాయి, రా" అంటూ తీసుకెళ్లారు.

పైకి చూస్తే మట్టి, ముళ్లకంప, మేకలు. అంతే! కానీ పెదవేగి, దెందులూరు దిబ్బలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. మామ్మగారు ఒకచోట ఆగి, "మా చిన్నప్పుడు వాన వెలిశాక ఇక్కడ పూసలు ఏరుకునేవాళ్లం. ఎరుపువీ, నీలంవీ దొరికేవి" అన్నారు.

"ఏం చేశారండీ వాటిని?"

"ఏం చేస్తాం, బొమ్మల మెళ్లో వేసేవాళ్లం. ఎక్కడ పోయాయో!" అని, కాసేపాగి, "ఇన్నేళ్లలో ఈ మాట నన్నెవరూ అడగలేదే" అన్నారు.

ఆ మాట నన్ను పట్టేసింది. పదకొండో శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడి కొలువు రాజమహేంద్రవరంలో ఉంది. నన్నయ భారతం మొదలుపెట్టిందీ అక్కడే. రాజధానితోపాటు పేరు ప్రతిష్ఠలూ తరలిపోయాయి. వెళ్లినవాళ్ల పేర్లు శాసనాల్లో ఉన్నాయి. ఉండిపోయి, అదే నేలమీద పొయ్యి వెలిగించుకున్నవాళ్ల పేర్లు ఎవరూ రాయలేదు. ఊరిని నిలబెట్టింది మాత్రం వాళ్లే కదా! వాళ్ల మాటలు ఇలాంటి మామ్మగార్ల దగ్గరే మిగిలాయి.

మొన్నామధ్య మా వీధిలో ఒకాయన ఇంటి పునాది నింపడానికి దిబ్బ పక్కనుంచి నాలుగు ట్రక్కులు మట్టి తోలించుకుందామన్నాడు. మామ్మగారు అరుగుమీంచే కేకేశారు: "డబ్బిస్తే మట్టి ఎక్కడైనా దొరుకుద్ది నాయనా. ఆ దిబ్బ మళ్లీ దొరుకుద్దా?" ఆయన ఇంకో మాట మాట్లాడకుండా చెరువు మట్టి బేరం చేసుకున్నాడు.

చట్టం కూడా ఆవిడ పక్షమే. 1958 నాటి చట్టం ఇలాంటి రక్షిత స్థలాలను తవ్వడానికి, పాడుచేయడానికి వీల్లేదంటుంది. 2010 సవరణ ప్రకారం హద్దునుంచి వంద మీటర్ల లోపల కొత్త కట్టడాలు నిషేధం. ఆపైన రెండు వందల మీటర్ల దాకా ముందుగా అనుమతి తీసుకోవాలి. అయితే కాగితం మీది చట్టం తెల్లారేసరికి దిబ్బ దగ్గరికొచ్చి కాపలా కాయదు. అరుగుమీది మామ్మగారు కాస్తారు.

మా అమ్మాయి ఇప్పుడు ఆవిడ చెప్పేవన్నీ నోటుబుక్కులో రాస్తోంది. ఫోనులో స్నేహితురాళ్లకి "మేం వేంగిలో ఉంటున్నాం" అని చెప్పడం నేను విన్నాను.

కొత్త ఊరికి వెళ్లే చెల్లెళ్లకి నాకు తోచిన రెండు మాటలు చెబుతాను. సూపర్‌బజారు ఎక్కడుందో ఎవరైనా చెబుతారు. పాత బావి ఎక్కడుండేదో, తీర్థం ఏ వీధిలో జరిగేదో పెద్దావిణ్ణి అడగండి. పెరట్లో తవ్వుతుంటే పాత నాణేలు, నగలు, బొమ్మలు బయటపడితే బీరువాలో దాచుకోకండి. భూమిలో దొరికిన నిధి సంగతి కలెక్టరుకి తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. తహశీల్దారు ఆఫీసులో చెప్పినా దారి చూపిస్తారు.

ఊరు మారకపోయినా సరే, మీరున్న ఊరికీ ఒక దిబ్బో, చెరువో, కూలిన మండపమో ఉండే ఉంటుంది. దాని సంగతి మీ వీధి మామ్మగారిని ఎప్పుడైనా అడిగారా? పండగ వచ్చేదాకా ఆగకండి, ఈ ఆదివారమే అడగండి. మన తీరిక కోసం ఆవిడ వయసు ఆగదు మరి!