ఇన్‌స్టాలో ఫోటో పెట్టారా.. ఆ డిజైన్‌పై హక్కు గల్లంతే! చేత్తో నగలు చేసే డిజైనర్ల అసలు కథ ఇదీ

నెలల తరబడి కూర్చుని ఓ డిజైనర్ ఒక జత బుట్టలు తయారు చేస్తారు. మంచి వెలుతురు చూసి ఫోటో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతారు. లైకులు, షేర్లు, రేటెంతని మెసేజీలు. కొన్ని వారాలు తిరక్కుండానే అచ్చం అలాంటి బుట్టలే ఇంకో పేజీలో, చాలా తక్కువ ధరకి కనిపిస్తాయి. ఒరిజినల్ మాదే అని మొత్తుకున్నా వినేవాళ్లుండరు.

నగల డిజైనింగ్‌లో ఉన్నవాళ్లకు ఇది తెలిసిన బాధే. చాలామందికి తెలియని విషయం ఇంకోటుంది. ఆ ఫోటో పెట్టిన రోజునే డిజైన్ రిజిస్ట్రేషన్ అవకాశం చేజారిపోతుంది. అదెలాగో తెలియాలంటే ముందు ఈ నగలు ఎలా పుడతాయో, ఒక్క జత కమ్మలకు అంత ధర ఎందుకో చూడాలి.

మనవాళ్ల కమ్మలు.. న్యూయార్క్ మ్యూజియంలో

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఓ జత బంగారు చెవి నగలున్నాయి. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం నాటివి. బహుశా ఆంధ్రప్రదేశ్‌వి అని మ్యూజియం వాళ్లే రాసుకున్నారు. అంటే దాదాపు 2000 ఏళ్ల కిందటి మాట. ఒక్కోదాని మీద రెక్కల సింహం, ఏనుగు. పలచటి బంగారు రేకును వెనక నుంచి సుత్తితో కొట్టి ఆ బొమ్మల్ని ఉబ్బెత్తుగా తీశారు. ఆ పైన సన్నటి బంగారు పూసలు, తీగ ముక్కలు, రేకు తునకలు ఒక్కొక్కటిగా అతికించుకుంటూ పోయారు. పెట్టుకుంటే తమ్మెలు సాగి, నగ భుజం మీద ఆనేంత బరువు.

ఇంత చిన్న పూసల్ని, కింద ఉన్న పలచటి రేకు కరిగిపోకుండా ఎలా అతికిస్తారు? ఇప్పటికీ చేత్తో ఈ పని చేసేవాళ్ల పద్ధతి ఒకటుంది. బంగారు తీగను చిన్న చిన్న ముక్కలు చేసి బొగ్గు పొడిలో పెట్టి కాలుస్తారు. కరిగిన ముక్క దానంతటదే గుండ్రంగా పూసలా మారిపోతుంది. ఆ పూసల్ని జిగురులో కలిపిన రాగి లవణంతో నగ మీద అంటించి మళ్లీ వేడి చేస్తారు. జిగురు కాలి బొగ్గవుతుంది, రాగి లవణం లోహంగా మారి పూస ఆనిన చోట మాత్రమే బంగారంలో కలుస్తుంది. రాగి కలిసిన బంగారం కాస్త ముందే కరుగుతుంది కాబట్టి ఆ ఒక్క చుక్క దగ్గరే అతుకు పడుతుంది. టంకం వేసిన గుర్తే ఉండదు. మంట ఒక్క క్షణం ఎక్కువైతే మాత్రం పూసలు, రేకు అన్నీ కలిసి ముద్దయిపోతాయి. అప్పటిదాకా చేసిన పని మొత్తం మళ్లీ మూసలోకే.

చేతి పనికి ధర ఎందుకు ఎక్కువ అనే ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. బిల్లులో మజూరీ అని కనిపించే అంకెలో.. పాడైపోయిన ఆ మొదటి రెండు ప్రయత్నాలు కూడా ఉంటాయి.

కొమ్ముతో, గాజుతో నగలు చేసిన మనిషి

ఇండిపెండెంట్ డిజైనర్ అంటే సింపుల్‌గా చెప్పాలంటే, పెద్ద షోరూం కేటలాగ్ కోసం కాకుండా తన పేరు మీద, తన ఆలోచనతో, తక్కువ సంఖ్యలో నగలు చేసేవాళ్లు. కొందరు తామే బల్ల ముందు కూర్చుని చేస్తారు. ఎక్కువ మంది బొమ్మ గీసి స్వర్ణకారులతో చేయిస్తారు. ఈ రెండో రకంలో పేరు డిజైనర్‌కి, పని స్వర్ణకారుడికి దక్కడం మామూలే. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఈ దారిలో అందరూ ముందుగా చెప్పుకునే పేరు ఫ్రాన్స్‌కు చెందిన రెనే లాలిక్. 19వ శతాబ్దం చివర్లో ప్యారిస్‌లో నగంటే వజ్రం. ఎన్ని వజ్రాలుంటే అంత గొప్ప. లాలిక్ ఆ లెక్కను తిరగేశాడు. పశువుల కొమ్ము, గాజు, ఎనామెల్ లాంటి చవక సరుకుతో నగలు చేశాడు. ఆయన చేసిన తూనీగ నగ ఇప్పుడు పోర్చుగల్‌లోని లిస్బన్‌లో గుల్బెంకియన్ మ్యూజియంలో ఉంది. 1897-98 నాటిది. తూనీగ ఒంట్లోంచి ఓ స్త్రీ బయటికి వస్తున్నట్టుంటుంది. రెక్కల్లో ఎనామెల్‌కి వెనక రేకు ఉండదు, వెలుతురు అటు నుంచి ఇటు దూరి వస్తుంది. వర్షాకాలం చెరువు గట్టున తూనీగ రెక్కను ఎండకి అడ్డంగా పట్టి చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. అందులో వజ్రాలు కూడా ఉన్నాయి. కాకపోతే హీరో అవి కాదు.

ఇంకొకరు జోయెల్ ఆర్థర్ రోసెంథాల్. జార్ అనే మూడక్షరాల పేరుతోనే ప్రపంచానికి తెలుసు. న్యూయార్క్‌లో పుట్టి, 1978లో ప్యారిస్‌లో నగల దుకాణం తెరిచాడు. ప్రకటనలు లేవు, అద్దాల్లో నగలు పెట్టి చూపించడమూ లేదు. ఇక్కడ ఓ ఇంట్రెస్టింగ్ సంగతి.. అంతకు ముందు ఆయన ప్యారిస్‌లోనే ఎంబ్రాయిడరీ షాపు నడిపాడు. చిన్న చిన్న రంగు రాళ్లను దగ్గర దగ్గరగా పొదిగి, ఓ పూరేకు మొదలు నుంచి చివరి దాకా రంగు మెల్లగా మారేలా చేయడం ఆయన ముద్ర. దారంతో చేసే షేడింగే అది, దారం బదులు కెంపులు, నీలాలు. 2013లో మెట్రోపాలిటన్ మ్యూజియం ఆయన నగలతో పెద్ద ప్రదర్శన పెట్టింది. బతికుండగా ఆ మ్యూజియంలో అలాంటి గౌరవం అందుకున్న మొదటి నగల కళాకారుడు ఆయనే.

మన దేశంలో ముంబైకి చెందిన వీరేన్ భగత్‌ది అలాంటి పేరే. మొఘల్ కట్టడాల్లోని పువ్వులు, తోరణాలు ఒకవైపు, 1920ల నాటి ఆర్ట్ డెకో గీతలు ఇంకోవైపు. రెండింటినీ సన్నటి ప్లాటినంలో కలుపుతారు. లోహం దాదాపు కనిపించదు, రాళ్లు గాల్లో నిలబడ్డట్టుంటాయి.

ముగ్గురిలోనూ ఒక విషయం గమనించారా? ముగ్గురి ప్రేరణా నగల షాపులోంచి రాలేదు. తూనీగ, ఎంబ్రాయిడరీ, పాత కట్టడం.. అన్నీ బయటివే.

మన దగ్గర పాత పెట్టె తెరిస్తే చాలు

తెలుగు రాష్ట్రాల డిజైనర్లకు వెతుక్కునే పని తక్కువ. అమ్మమ్మ జడబిళ్ల, నాగరం, వంకీ, కాసులపేరు, గుత్తులుగా ముత్యాలు వేలాడే గుట్టపూసల హారం, మామిడి పిందెల హారం. హైదరాబాద్ వైపు వస్తే ముత్యాల సత్‌లడా, చాంద్‌బాలీలు, జడావు పని. నిజాం నగలు సరేసరి. 173 నగల ఆ సేకరణను 1995లో కేంద్రం రూ.218 కోట్లకు కొని ఆర్‌బీఐ లాకర్లో పెట్టింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో 2001లో, ఆ తర్వాత 2006లో ప్రదర్శించినప్పుడు జనం క్యూ కట్టారు.

జడావు నగల్లో ఓ చిన్న రహస్యం ఉంటుంది. ముందు రాళ్లు, వెనక మీనాకారీ. అంటే ఒంటికి ఆనే వైపు రంగురంగుల ఎనామెల్‌తో పూలు, తీగలు వేస్తారు. చూసేవాళ్లకు అది కనిపించదు, పెట్టుకున్నవాళ్లకే తెలుసు. ఈ వెనక భాగం సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీంతో పని పడుతుంది.

బంగారం కాదుగానీ, కరీంనగర్ వెండి ఫిలిగ్రీని కూడా వదల్లేం. వెండిని కంబచ్చు రంధ్రాల్లోంచి లాగి లాగి వెంట్రుకలాంటి తీగ చేస్తారు. రెండు తీగల్ని మెలిపెట్టి, సాగగొట్టి, చట్రం లోపల వంపులు తిప్పి నింపుతారు. వెలిగారం వేసి మంట మీద అతికిస్తారు. 2007లోనే దీనికి జీఐ ట్యాగ్ వచ్చింది. అత్తరుదానులు, పాన్‌దానులు, పళ్లేలకు పేరుపడ్డ ఈ పనిని కమ్మలు, లాకెట్లలోకి తేవడం కొత్త డిజైనర్లకు నచ్చిన దారి. కాకపోతే కళ్లకూ నడుముకూ పరీక్ష పెట్టే పని కావడంతో స్వర్ణకారుల పిల్లలు ఇటు రావడం తగ్గింది. డిజైనర్‌కి ఎన్ని ఐడియాలున్నా, వంపు తిప్పే చెయ్యి లేకపోతే అవి కాగితం మీదే ఉంటాయి.

ఫోటోతో వచ్చిన తంటా

ఇప్పుడు మొదట అనుకున్న పాయింట్‌కి వద్దాం. ఒకప్పుడు డిజైన్ కాపీ కొట్టాలంటే నగ చేతికి రావాలి. ఇప్పుడు ఫోన్లో ఫోటో చాలు. దాన్ని చూసి కంప్యూటర్లో త్రీడీ మోడల్ గీస్తారు, ప్రింటర్ మైనపు నమూనా ఇస్తుంది, దాని చుట్టూ అచ్చు పోసి, మైనం కరిగించి ఆ ఖాళీలో బంగారం పోస్తారు. ఒకే కొమ్మకు కాయల్లా డజన్ల కొద్దీ పీసులు ఒకేసారి వస్తాయి. క్యాస్టింగ్ చెడ్డదేం కాదు, చాలామంది మంచి డిజైనర్లూ వాడతారు. గొడవ అరువు తెచ్చుకున్న డిజైన్‌తోనే.

మరి చట్టం ఏం చెబుతోంది? మన దేశంలో నగ రూపాన్ని 2000 నాటి డిజైన్స్ చట్టం కింద రిజిస్టర్ చేసుకోవచ్చు. వ్యక్తులకు ఒక్కో డిజైన్‌కి అప్లికేషన్ ఫీజు రూ.1,000. హక్కు ముందు పదేళ్లు, పొడిగిస్తే ఇంకో ఐదేళ్లు. మెలిక ఎక్కడుందంటే.. డిజైన్ కొత్తదై ఉండాలి. అప్లై చేసే తేదీకి ముందు దేశంలో గానీ, విదేశాల్లో గానీ ఎక్కడా బయటపడి ఉండకూడదు. సొంత ఇన్‌స్టా పేజీలో పెట్టినా బయటపెట్టినట్టే లెక్క. కొన్ని దేశాల్లో డిజైనర్ తానే బయటపెట్టుకుంటే కొంత గడువు ఇస్తారు. మన దగ్గర అలాంటి సాధారణ వెసులుబాటు లేదు. ప్రభుత్వం నోటిఫై చేసిన ఎగ్జిబిషన్ల లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి, వాటికీ ముందే నోటీసివ్వాలి. కాబట్టి వరుస ఇది.. ముందు అప్లికేషన్, తర్వాత ఫోటో. చాలామంది చేసేది దీనికి రివర్స్.

రిజిస్టర్ చేయకపోతే కాపీరైట్ కాపాడదా? కాపీరైట్ చట్టంలోని 15వ సెక్షన్ ఇక్కడ అడ్డొస్తుంది. డిజైన్‌గా రిజిస్టర్ చేసుకోదగ్గ దాన్ని రిజిస్టర్ చేయకుండా, పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి తయారు చేస్తే కాపీరైట్ పోతుంది. చేత్తో ఒకటీ రెండూ చేసేవాళ్లకు ఇది కొంత ఊరటే. అదే డిజైన్ హిట్టయి క్యాస్టింగ్‌లో వందలు తీస్తే మాత్రం ఆ ఊరటా ఉండదు.

రిజిస్టర్ అయిన డిజైన్‌ను ఎవరైనా కాపీ కొడితే ఒక్కో ఉల్లంఘనకు రూ.25,000 వరకు, ఒక డిజైన్‌కి మొత్తమ్మీద రూ.50,000 వరకు రాబట్టొచ్చు. లేదంటే నష్టపరిహారం కోసం, అమ్మకాలు ఆపించడం కోసం కోర్టులో దావా వేయొచ్చు. ఇప్పటి బంగారం రేటు ముందు ఆ యాభై వేలు ఏ మూలకి అనిపిస్తే తప్పులేదు. అందుకే ఆపించడమే అసలు ఆయుధం.

అలాగని మామిడి పిందె, నెమలి, లక్ష్మీ కాసు మీద ఎవరికీ గుత్తాధిపత్యం ఉండదు. అవి అందరివీ. వాటిని కొత్తగా అమర్చిన తీరుకే రక్షణ.

కొనేముందు వెనక్కి తిప్పి చూడండి

మళ్లీ ఆ వెనక భాగం దగ్గరికే వచ్చాం. ఫోటోలో ముందు వైపే కనిపిస్తుంది కాబట్టి కాపీ కొట్టేవాళ్లు వెనక్కి వచ్చేసరికి చేతులెత్తేస్తారు. వెనక నున్నగా, గుల్లగా వదిలేసిందా.. లేక అక్కడా ఆకురాయి పట్టి, అంచులు తీర్చి, పని చేశారా అన్నది చూస్తే నగ కథ చాలావరకు తెలిసిపోతుంది.

డబ్బు విషయానికొస్తే, 2025లో 24 క్యారెట్ల బంగారం పది గ్రాములు లక్ష రూపాయలు దాటాక 18, 14 క్యారెట్ల నగలు బాగా పెరిగాయి. అదే ఏడాది జులై నుంచి 9 క్యారెట్లకూ హాల్‌మార్క్ ఇస్తున్నారు. రాళ్లు పొదిగే నగకు 18 క్యారెట్లు వాడితే మోసం అనుకోవద్దు. 22 క్యారెట్ల బంగారం మెత్తన, సన్నటి పట్టుల్లో రాళ్లు వదులైపోతాయి. హాల్‌మార్క్‌లో 916 అంటే 22 క్యారెట్లు, 750 అంటే 18, 585 అంటే 14. పక్కనే ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ ఉంటుంది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ నగ వివరాలు వస్తాయి.

అయితే కుందన్, పోల్కీ, జడావు నగలకు తప్పనిసరి హాల్‌మార్కింగ్ నుంచి మినహాయింపు ఉంది. రెండు గ్రాముల లోపు వస్తువులకు, ఏడాదికి రూ.40 లక్షల లోపు టర్నోవర్ ఉన్న వ్యాపారులకూ అంతే. చేత్తో చేసే చిన్న డిజైనర్లలో చాలామంది ఈ లెక్కలోకే వస్తారు. ముద్ర లేనంత మాత్రాన నకిలీ అని కాదు. కానీ అక్కడ మీకున్న ఆధారం బిల్లు ఒక్కటే.

ఓ ఉదాహరణ చూడండి. జడావు లాకెట్ మొత్తం బరువు 20 గ్రాములు. అందులో రాళ్లు, లోపల నింపిన లక్క కలిపి 6 గ్రాములు. అంటే బంగారం 14 గ్రాములు. అది 18 క్యారెట్లయితే అందులో మేలిమి బంగారం 10.5 గ్రాములే. రేపు మార్చుకోవాలన్నా, తాకట్టు పెట్టాలన్నా లెక్కలోకి వచ్చేది దాదాపు ఆ 10.5 గ్రాములే. మజూరీ తిరిగి రాదు, రాళ్లకు ఎంతిస్తారన్నది అవతలి వాళ్ల ఇష్టం. కాబట్టి మొత్తం బరువు, నికర బరువు, క్యారెట్లు, రాళ్ల బరువు, మజూరీ.. ఐదూ బిల్లులో విడివిడిగా రాయించుకోండి. తిరిగి కొంటామని డిజైనర్ మాటిస్తే, ఏ లెక్కన కొంటారో అదీ అదే కాగితం మీద రాయమనండి.