మెదడుకు చేరు క్రొవ్వు – చేపలు, అవిసెలు

పైరుకు నత్రజని ఎంత వేసినను భాస్వరపు లోటు తీరదని మీకు తెలియును. మెదడు విషయమును అట్టిదే. నీటిని మినహాయించినచో మెదడులో సుమారు సగము క్రొవ్వే. అందులో కొన్ని క్రొవ్వు ఆమ్లములను శరీరము స్వయముగా తయారు చేసికొనజాలదు. అవి ఆహారములో తప్పక ఉండవలెనని 1929-30లలో అమెరికాలో జార్జి బర్, మిల్డ్రెడ్ బర్ దంపతులు ఎలుకలపై ప్రయోగములు చేసి తెలిపిరి.

రెండు తెగలు

ఇవి రెండు తెగలు. మొదటిది ఒమేగా-6. నువ్వులు, వేరుసెనగ, ప్రత్తిగింజల నూనెలలో ఇది సమృద్ధిగా గలదు. రెండవది ఒమేగా-3. ఆ నూనెలలో ఇది దాదాపు లేదు. మన ఇండ్లలో లోటు పడునది దీనికే. ఈ తెగకు చెందిన డి.హెచ్.ఎ. అను ఆమ్లము మెదడు కణముల పొరలకు, కంటిచూపుకు ముఖ్యము.

మెదడుకు దారి

తిన్న క్రొవ్వు ప్రేగులలో పైత్యరసము సాయమున జీర్ణమై రక్తములో చేరును. నూనె నీటిలో కలియదు గనుక మాంసకృత్తులు దానిని మోసికొనిపోవును. మెదడులోని రక్తనాళముల గోడలు మిక్కిలి బిగువైనవి. అన్నింటిని లోనికి రానీయవు. డి.హెచ్.ఎ.ను లోనికి చేర్చు తూము వంటి మాంసకృత్తును 2014లో సింగపూరు శాస్త్రజ్ఞులు గుర్తించిరి. తూము బాగున్నను చెరువులో నీరు లేనిచో మడి తడవదు గదా!

గర్భము చివరి మూడు నెలలలోను, పుట్టిన పిదప రెండేండ్లలోను బిడ్డ మెదడు వేగముగా పెరుగును. మొదట తల్లి రక్తము, పిదప చనుబాలు ఈ క్రొవ్వును అందించును. తల్లి తినిన ఆహారమును బట్టియే చనుబాలలో డి.హెచ్.ఎ. ఉండును.

ఏమి చేయవలెను?

1. గార్ల, బయ్యారం చెరువులలో చేపలు పట్టిన దినమున అన్నియు అమ్మివేయకుడు. చేపలు తిను ఇండ్లలో గర్భిణికి, బాలెంతకు, పిల్లలకు ముందుగా వాటా తీసి ఉంచుడు. వారమునకు 100 నుండి 200 గ్రాముల చేపలు తినుట మంచిదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సూచించినది. సముద్రపు చేపలలో డి.హెచ్.ఎ. ఎక్కువ, చెరువు చేపలలో తక్కువైనను మేలే. వేపుడు కన్న పులుసు మంచిది.

2. చేపలు తినని వారు అవిసె గింజలను దోరగా వేయించి, పొడి చేసి, దినమునకొక చెంచా అన్నములో కలుపుకొనవచ్చును. ఆకు, పూవు కూరకు వాడు అవిసె చెట్టు వేరు. గింజల నూనెలో సగము వరకు ఒమేగా-3 గలదు. కాని శరీరము అందులో కొద్ది భాగమునే డి.హెచ్.ఎ.గా మార్చుకొనును. పొడి త్వరగా ముక్కిపోవును గనుక కొద్దికొద్దిగా చేసికొనుడు. గర్భిణులు వైద్యుని అడిగి వాడవలెను.

3. ఏడాది పొడుగునా ఒకే నూనె వాడక, మార్చి మార్చి వాడుడు.

ఇవి తిన్నంతనే తెలివి పెరుగునని ఎవరు చెప్పినను నమ్మవద్దు. పప్పు, ఆకుకూరలు, పాలు, అయోడిన్ ఉప్పు కూడ బిడ్డ మెదడుకు కావలెను. మడికి అదను దాటిన పిదప వేసిన ఎరువు వలన ఫలము స్వల్పము. బిడ్డ మెదడుకును అదను గలదు. దానిని జారవిడువకుడు.