పేరు మారిన బాలుడు: టామ్ స్టాపర్డ్ నాటక జీవితము

మాతృభాషలో వ్రాసి కీర్తి గడించినవారు ప్రతి దేశమునను కలరు. పుట్టిన గడ్డను విడిచి, నేర్చుకొన్న భాషలో, ఆ భాషీయులే తల యూచునట్లు వ్రాసినవారు అరుదు. పోలండు దేశీయుడైన జోసెఫ్ కాన్రాడ్ ఆంగ్ల నవలకు అట్టివాడు. ఆంగ్ల నాటకమునకు టామ్ స్టాపర్డ్ అట్టివాడు. 1967 మొదలు అర్ధశతాబ్దికి పైగా లండను రంగస్థలమున వెలుగొందిన ఈ నాటకకర్త 2025 నవంబరు 29వ తేదీన, 88 ఏండ్ల వయస్సున కన్నుమూసినాడు. అతని మాటల చమత్కారమును మెచ్చినవారు వేలకొలది. ఆ చమత్కారము వెనుక మౌనముగా దాగిన ఒక ఇంటి కథ కలదు. దానిని తెలిసికొనుటకు అతనికే అర్ధశతాబ్ది పట్టినది.

అతని పుట్టుపేరు టొమాష్ స్ట్రౌస్లర్. 1937 జూలై 3వ తేదీన చెకోస్లోవేకియాలోని జ్లీన్ పట్టణమున జన్మించినాడు. ఆ పట్టణమునకు ప్రాణము బాటా చెప్పుల కర్మాగారము. మన ఊళ్ల అంగడి వీథులలో బాటా పేరు ఎరుగనివారు లేరు. కలకత్తా చెంత బాటానగరము వెలసినది ఆ సంస్థ పేరనే. టొమాష్ తండ్రి యూజెన్ స్ట్రౌస్లర్ ఆ సంస్థ ఆసుపత్రిలో వైద్యుడు. వారిది యూదు కుటుంబము. 1939 మార్చిలో హిట్లరు సేనలు ఆ దేశమును ఆక్రమించినవి. బాటా సంస్థ తనవద్ద పనిచేయు యూదులను కొందరిని ముందుచూపుతో విదేశములలోని తన శాఖలకు పంపివేసినది. స్ట్రౌస్లర్ దంపతులు ఇద్దరు పసికొడుకులతో సింగపూరు చేరినారు. టొమాష్‌కు అప్పటికి రెండేండ్లు నిండలేదు.

మృత్యువు అక్కడికిని వెంబడించినది. 1942లో జపాను సైన్యములు సింగపూరును ముట్టడించినపుడు తల్లి మార్తా బిడ్డలతో ఓడ ఎక్కినది. తండ్రి వెనుక ఉండిపోయినాడు. తరువాత అతడు బయలుదేరిన ఓడ జపాను బాంబులకు గురియై మునిగిపోయినది. తల్లీబిడ్డల ఓడ చేరిన రేవు బొంబాయి. కొన్ని ఊళ్లు తిరిగిన మీదట ఆమె డార్జిలింగులోని బాటా దుకాణమున నిర్వాహకురాలిగా కుదురుకొన్నది. పిల్లలు అక్కడి మౌంట్ హెర్మన్ పాఠశాలలో చేరినారు. అది అమెరికా క్రైస్తవ సంఘమువారు నడుపుచుండిన బడి. పలు జాతుల పిల్లలు అందు కలిసి చదివెడివారు. టొమాష్ టామ్ అయినాడు, అన్న పెట్ర్ పీటర్ అయినాడు. చెక్ భాష మెల్లగా నాలుకను విడిచినది, ఆంగ్లము ఆ చోటును ఆక్రమించినది. ఇంగ్లండు గర్వించిన నాటకకర్తకు ఆంగ్లము స్వభాషగా కుదిరినది హిమాలయముల ఒడిలో అనుట విశేషము.

1945లో తల్లి కెనెత్ స్టాపర్డ్ అను ఆంగ్ల సైనికాధికారిని వివాహమాడినది. 1946 ఆరంభమున కుటుంబము ఇంగ్లండు చేరినది. మారుతండ్రి ఇంటిపేరు పిల్లలకు సంక్రమించినది. ఎనిమిదేండ్ల వయస్సుననే ఆ బాలునికి పేరు, భాష, దేశము మూడును మారినవి. తల్లి గతమును గూర్చి పెదవి విప్పలేదు. బిడ్డలు క్రొత్త దేశమున నిశ్చింతగా పెరుగవలెనన్నదే ఆమె ఆరాటము. బాలుడును అడుగలేదు. ఇంగ్లండు అతనికి నచ్చినది; తానును ఆంగ్లేయుడే యని నమ్మినాడు.

ఉపాధ్యాయులు గమనింపదగిన విషయమొకటి కలదు. యార్క్‌షైరులోని పాక్లింగ్టన్ పాఠశాలలో సాహిత్య పాఠములు అతనికి రుచింపలేదు. 17వ ఏట చదువు చాలించి, 1954లో బ్రిస్టలు నగరమున ఒక దినపత్రికలో విలేఖరిగా చేరినాడు. విశ్వవిద్యాలయము మెట్లెక్కలేదు. నాటక ప్రదర్శనలపై సమీక్షలు వ్రాయుచు నాటకమును ప్రేమించినాడు. తరగతిలో విసుగు పుట్టించిన షేక్స్‌పియరు రంగస్థలముపై అతనిని పట్టుకొన్నాడు.

ఆ షేక్స్‌పియరే అతనికి కీర్తిని తెచ్చినాడు. ‘హామ్లెట్’లో రోజెన్‌క్రాంట్జ్, గిల్డెన్‌స్టెర్న్ అను ఇద్దరు చిన్న పాత్రలు కలరు. రాజు పిలిచినాడు గనుక వత్తురు, చెప్పిన పని చేయుదురు, చివరకు చత్తురు. స్టాపర్డ్ ఆ ఇద్దరినే నాయకులుగా చేసి ‘రోజెన్‌క్రాంట్జ్ అండ్ గిల్డెన్‌స్టెర్న్ ఆర్ డెడ్’ అను నాటకమును వ్రాసినాడు. మహానాటకము వారి చుట్టును జరిగిపోవుచుండును. తామెక్కడినుండి వచ్చితిమో, ఎందుకు వచ్చితిమో వారికి తెలియదు. 1966లో ఎడిన్‌బరో ఉత్సవమున విద్యార్థి బృందమొకటి దీనిని ఆడినది. ‘అబ్జర్వర్’ పత్రికలో రొనాల్డ్ బ్రైడెన్ మెచ్చి వ్రాసినాడు. 1967 ఏప్రిలులో లండను జాతీయ నాటకశాల దానిని ప్రదర్శించినది. 1968లో అమెరికాలో టోనీ బహుమానము లభించినది. స్టాపర్డ్ తన బాల్యమునే అందు చిత్రించినాడనుట తొందరపాటగును. ఓడలపై ఊరూరు మారిన బాలుని బ్రతుకు ఎరిగిన పాఠకునికి మాత్రము ఆ దిక్కుతోచని పాత్రలు క్రొత్తగా కనిపించును.

1974 నాటి ‘ట్రావెస్టీస్’లో 1917 ప్రాంతపు జ్యూరిచ్ నగరము రంగస్థలము. లెనిన్, జేమ్స్ జాయిస్, కవి ట్రిస్టన్ జారా, ముగ్గురును అక్కడ పరదేశవాసులే. వారి కథను చెప్పువాడు జ్ఞాపకము చెదరిన ఒక వృద్ధుడు. 1977లో స్టాపర్డ్ చెకోస్లోవేకియాకు వెళ్లి, నిర్బంధములకు వెరువక వ్రాయుచుండిన వాస్లావ్ హావెల్‌ను కలిసికొన్నాడు. ఆ ఏడే బి.బి.సి. ప్రసారము చేసిన ‘ప్రొఫెషనల్ ఫౌల్’ నాటకమును హావెల్‌కు అంకితమిచ్చినాడు. హావెల్ నాటకమును ఆంగ్లీకరించినాడు కూడ. అయినను అప్పటికి ఆ దేశము అతనికి ఒక ధర్మయుద్ధభూమి. తన ఇల్లని మనస్సునకు తట్టలేదు.

1993లో వచ్చిన ‘ఆర్కేడియా’ను చాలమంది విమర్శకులు అతని నాటకములలో మేటిగా ఎన్నుదురు. గణితముపై మక్కువగల పదుమూడేండ్ల థామసీనా అందు నాయిక. పాయసములో పండ్ల పాకము వేసి కలిపినచో ఎఱ్ఱని చారలు వ్యాపించును. వెనుకకు త్రిప్పినచో అవి మరల విడిపోవేమి అని ఆ బాలిక ప్రశ్నించును. కాలము ఏల వెనుకకు మరలదను భౌతికశాస్త్ర రహస్యము ఆ గిన్నెలో ఉన్నది. వలసవచ్చినవాని బ్రతుకును అంతే. కలిసిన దానిని వేరుపరచలేము. ఎఱ్ఱని రంగు మాత్రము పాయసమున నిలిచియే ఉండును.

తనను పెంచిన డార్జిలింగు ఋణమును అతడు ‘ఇండియన్ ఇంక్’ నాటకముతో తీర్చుకొన్నాడు. 1991లో రేడియో నాటికగా వచ్చిన కథ 1995లో పూర్తి నాటకమైనది. 1930లో ఒక కల్పిత సంస్థానమునకు వచ్చిన ఆంగ్ల కవయిత్రికి నీరద్ దాస్ అను భారతీయ చిత్రకారుడు మన రససిద్ధాంతమును వివరించును. భరతుని మాట లండను ప్రేక్షకులకు వినిపించిన ఆంగ్ల నాటకములలో ఇది యొకటి. తన పద్ధతిలోనే చిత్రింపుమని ఆమె అతనిని కోరును. పరుల మెప్పుకొరకు తన్ను తాను మరచుట ఎంత సులభమో రచయితకు తెలియును.

1990 తరువాతి తొలి సంవత్సరములలో, కమ్యూనిస్టు పాలన తొలగిన మీదట, చెక్ బంధువు ఒకామె లండనుకు వచ్చి అతనిని కలిసికొన్నది. తనలో యూదు రక్తము కొంత కలదని అతడు వినియుండెను. ఎంత యని అడిగినాడు. ఆమె చెప్పిన సమాధానము అతని కాళ్లక్రింది నేలను కదల్చినది. తల్లివైపును తండ్రివైపును తాతలు, అవ్వలు నలుగురును యూదులే. నలుగురును, తల్లి తోబుట్టువులలో ముగ్గురును నాజీల నిర్బంధములో నశించినారు. ఇంతకాలము తన జీవితము అదృష్టమయమని అతడు పలుమారు చెప్పుకొన్నాడు. ఆ అదృష్టమునకు ఎదుటి పుటలో ఏమి వ్రాసియున్నదో అప్పుడు చూచినాడు.

1996లో తల్లి మరణించినది. ఆ వెంటనే మారుతండ్రి, స్టాపర్డ్ అను పేరు ఇకమీదట వాడవలదని జాబు వ్రాసినాడు. యూదుల పక్షమున అతడు పలుకుట ఆయనకు రుచింపలేదు. అది ఇప్పుడు సాధ్యము కాదని స్టాపర్డ్ బదులిచ్చినాడు. అప్పటికే ఆ పేరునుండి పుట్టిన విశేషణమొకటి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువున చేరియుండెను. ఇచ్చినవాడు తిరిగి కోరుసరికి ఆ పేరు ఆంగ్లభాష సొత్తు అయినది.

1998లో సోదరునితో అతడు జ్లీన్ పట్టణమునకు వెళ్లినాడు. అక్కడొక వృద్ధురాలు తన చేతిపై పాత కుట్ల మచ్చను చూపినది. చిన్ననాడు అద్దము గ్రుచ్చుకొని చేయి తెగినపుడు డాక్టర్ స్ట్రౌస్లర్ వేసిన కుట్లవి. కుమారుడు ఆ మచ్చను తాకినాడు. ముఖమైనను గుర్తులేని తండ్రి చేతిపని ఒక పరాయి స్త్రీ శరీరముపై అరువదేండ్లు నిలిచియున్నది. అతనికి మిగిలిన పితృస్పర్శ అదియే.

దానిని నాటకముగా మలచుటకు మరి ఇరువదేండ్లు పైగా పట్టినది. 2020 జనవరిలో, 82వ ఏట, ‘లియోపోల్డ్‌స్టాట్’ ప్రదర్శింపబడినది. 1899 నుండి 1955 వరకు వియన్నాలోని ఒక యూదు కుటుంబ కథ యిది. చివరి రంగమున లియో అను యువకుడు వచ్చును. చిన్ననాడే ఇంగ్లండు చేరి, ఆంగ్ల నామము ధరించి, గతమును మరచినవాడు. శిబిరములనుండి బ్రతికి వచ్చిన బంధువు అతని ఎదుట నిలిచి నిలదీయును. బాల్యమున పగిలిన కప్పుతో చేయి కోసికొని, ఇంటి వైద్యునిచే కుట్లు వేయించుకొన్న మచ్చ లియో చేతిపై ఉండును. ఆ మచ్చయే జ్ఞాపకమునకు ద్వారము తెరచును. తరువాత ఒక్కొక్క బంధువు పేరును, మరణించిన తావును చదువుటతో నాటకము ముగియును. జీవితమంతయు మాటలతో బంతులాడిన రచయిత అక్కడ చమత్కారమును పూర్తిగా విడిచినాడు. ఈ నాటకమునకు 2020లో ఒలివియే బహుమానమును, 2023లో టోనీ బహుమానమును లభించినవి.

లియోను నిందించిన ఆ మాటలు స్టాపర్డ్ తనపై తాను మోపుకొన్న అభియోగములు. ఆశ్రయమిచ్చిన దేశమును ప్రేమించుట తప్పు కాదని అతడు తుదివరకు నమ్మినాడు. ఇంగ్లండుపై కృతజ్ఞతను విడువలేదు. ఆ కృతజ్ఞత కొరకు చనిపోయినవారి పేర్లను మరువనక్కరలేదని మాత్రము వార్ధక్యమున నేర్చుకొన్నాడు. పేర్లు మారి, ఇంటి భాష మరచి బడికి వచ్చు పిల్లలు ఈనాడును అన్ని దేశములలోను కలరు. ఏ తరగతి గదిలోనైన అట్టి బాలుడు కూర్చున్నచో, మన భాషను చక్కగా నేర్పుట ఉపాధ్యాయుని ధర్మము. నీ ఇంట ఏమని పిలుతురు నాయనా అని ఒక్కమారు అడుగుటయు ఆ ధర్మములోనిదే. టొమాష్‌ను ఎవ్వరును అడుగలేదు. తనను తాను అడుగుకొనుటకు అతనికి ఒక నిండు జీవితము పట్టినది.